పెద్దల గొంతులుంటే ముందే చెప్పవలెను

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ పక్క సందులో ఈమధ్య కొత్తగా చికెన్ పకోడీ కొట్టు తెరిచారు. పకోడీ బాగానే ఉంటుంది. తిన్నాక దాహం ఎక్కువ. ఆ కొట్టు గోడ మీద, నూనె పొగకి పసుపెక్కిన ఒక అట్టముక్క ఇంకా వేలాడుతోంది. దాని మీద నీలం స్కెచ్ పెన్నుతో వంకర అక్షరాలు: "పెన్‌డ్రైవ్‌లో పెద్దల గొంతులుంటే ముందే చెప్పవలెను."

పొట్లం కోసం నిలబడ్డవాళ్ళందరూ దాన్ని చదువుతారు. మొన్న ఒకాయన చదివి, కాసేపు ఆలోచించి, పావుకిలో అన్నవాడు అరకిలో కట్టించుకున్నాడు. ఎందుకో నాకూ తెలీదు. కొట్టతన్ని అడిగాను, దాన్నెందుకు తీసెయ్యలేదని.

"ఏదో మంచి మాటలాగుంది గదండీ. ఉంటే మనకేటి, పోతే మనకేటి," అన్నాడు.

మంచి మాట కాదది. నేరం ఒప్పుకుంటూ రాసిన కాగితం. రాసిన మనిషి ఇదే కొట్టులో ఇరవై ఏళ్ళు కూర్చుని పోయిన నెలలో పోయాడు. నోటితో ఒక్క తప్పూ ఒప్పుకోకుండా పోయినవాళ్ళ జాబితా తీస్తే మా ఊళ్ళో ఆయనకి మంచి ర్యాంకే వస్తుంది. ఆ అట్టముక్క ఒక్కటే మినహాయింపు.

అందరూ ఆయన్ని ఫార్మాట్ బాబాయ్ అనేవాళ్ళు. పని, పెన్‌డ్రైవుల్లో పాటలు ఎక్కించడం. పాటలన్నీ ఫోనులోనే దొరికే రోజుల్లో ఈ కొట్టు ఎలా నడిచిందని మీకు అనుమానం రావచ్చు. నడిపింది మేము, డీజేలం. రోలుగుంటలో పెళ్ళయినా, రావికమతంలో అమ్మవారి పండగైనా, ఎవరైనా కొత్త ట్రాక్టరు కొన్నా, వ్యాను మీద బాక్సులు పేర్చుకుని వెళ్ళి చుట్టుపక్కల గేదెలకి పాలు మాన్పించేది మేమే. బాక్సు బీరువా అంత ఉండొచ్చు. పాట మాత్రం బొటనవేలంత పెన్‌డ్రైవులోంచి రావాలి. ఆ పెన్‌డ్రైవుని చదివే ప్లేయరుకి ఉన్నన్ని పట్టింపులు మా మేనత్తకి కూడా లేవు. తనకి నచ్చిన రకంగా ఫార్మాట్ చేసి ఉంటేనే తెరుచుకుంటుంది. ఎంపీత్రీ అయితేనే పాడుతుంది. ఫోల్డరులో ఫోల్డరు పెడితే అలుగుతుంది. పాట పేరు తెలుగులో రాస్తే తెర మీద అక్షరానికో ఖాళీ గడి చూపించి ఊరుకుంటుంది.

ఈ మడీ ఆచారం అంతా తెలిసిన ఏకైక పురోహితుడు బాబాయ్. ప్లేయర్ని ఆయన "పెట్టి" అనేవాడు, ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడ గురించి చెప్పినట్టు. "పెట్టి ఒప్పుకోదు." "పెట్టికి తెలుగు రాదు, ఇంగ్లీసులో రాయి." "పెట్టికి ఆ కూడు పడదు."

నేను మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళింది నా పరువు పోయిన మర్నాడు. మాకవరపాలెం దగ్గర ఒక ఊళ్ళో అమ్మవారి పండగ, నా మొట్టమొదటి ప్రోగ్రాం. కొత్త పెన్‌డ్రైవు, అందులో మూడు నెలలు ఏరిన మహా నాణ్యమైన పాటలు. ఘటాలు బయల్దేరాయి. కుర్రాళ్ళు చేతులు పైకెత్తారు. నేను పెన్‌డ్రైవు గుచ్చాను. తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. దాని సారాంశం, నువ్వెవరు అని. తీసి మళ్ళీ గుచ్చాను. మళ్ళీ అదే పలకరింపు. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. డప్పులవాళ్ళు మా వైపు తిరిగి మరీ వాయించారు. ఒక ముసలాయన దగ్గరికొచ్చి, నా బాక్సు మీద ప్రేమగా చెయ్యివేసి, "బీరువాలేటి బాబూ ఇయ్యి? అమ్మకానికా?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున్న బాబాయ్ నా పెన్‌డ్రైవుని రెండు వేళ్ళతో పట్టుకుని, సంతలో చేపని చూసినట్టు అటూ ఇటూ తిప్పి, మూతి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదాడు.

"ఎవులు నింపారు?"

"నేనే బాబాయ్. ఫ్లాక్ ఫైల్సు. సీడీ కంటే క్వాలిటీ."

"అలాగా. మరి పాడిందేటి?"

"లేదు."

"గేదికి జీడిపప్పు పాయసం పోసి, పాలియ్యలేదంటే ఎలగరా? దానికి తవుడే గావాల."

ఆ మాటంటూనే మీట నొక్కేశాడు. మూడు నెలల పాటలు తుడిచిపెట్టుకుపోయాయి.

"బాబాయ్! ఒక్కమాట అడగవేటి?"

"గిన్ని తోమకండా కూడెడతామేట్రా?"

ఇదీ ఆయన పద్ధతి. ఎవరు తెచ్చినా ముందు ఫార్మాట్, తర్వాత పలకరింపు. పెళ్ళిళ్ళ బ్రోకరు తెచ్చినా, పంచాయతీ ప్రెసిడెంటు తెచ్చినా అంతే. లోపలేముందో తెరిచి చూడటం ఆయనకి నామోషీ. "ఎంగిలి గిన్నిలో ఏటి మిగిలిందో సూత్తావేటి? తోమీడవే," అనేవాడు. వేరే కొట్లవాళ్ళు పాటల మీద పాటలు ఎక్కిస్తే నడిపెళ్ళిలో పెట్టి మొరాయించేదనీ, తన చేతి పెన్‌డ్రైవు ఏనాడూ మొరాయించలేదనీ ఆయన గర్వం. నిజమే. మొరాయించలేదు.

ఎక్కించాక ప్రతి పాటనీ పరీక్షించేవాడు, నాలుగు సెకన్లు. నాలుగంటే నాలుగే. పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టేవాడు. చప్పుడొస్తే టిక్కు, రాకపోతే చెత్తబుట్ట. ఇరవై ఏళ్ళలో ఆ మనిషి ఏ పాటలోనూ పల్లవి దాకా వెళ్ళలేదు. "నీకిష్టమైన పాట ఏది బాబాయ్?" అని ఒకసారి అడిగాను. "మూడొందలిరవైది," అన్నాడు. అది పాట కాదు, ఫైలు నాణ్యతకి కొలత.

డీజే మోత ఆయనకి అస్సలు పడేది కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ దూది ఉండేది. మా వ్యాను సందు మొదట్లో కనబడగానే చెవుల్లో కుక్కుకునేవాడు. మిఠాయి కొట్టువాడికి షుగరుండటం చూశాం. ఇది ఆ జాతే.

ఇక అసలు సంగతి.

రోలుగుంట దగ్గర జీడితోటల రైతు ఒకాయన, అప్పలనాయుడు గారు. కూతురి పెళ్ళికి డీజే నాదే. అంచేత ఆయన్ని బాబాయ్ కొట్టుకి తీసుకొచ్చింది కూడా నేనే. నలుగు కార్యక్రమం ఇంకా నాలుగు రోజులుంది. ఆయన రుమాలు ముడి విప్పి, అందులోంచి పాలిథిన్ కవరు, అందులోంచి పెన్‌డ్రైవు తీశాడు. అన్ని పొరల్లో ఉన్న వస్తువుని చూసి మాకు అనుమానం రావాలి. రాలేదు.

"డీజే పాటలెక్కించండి బాబూ. మంచియి ఎయ్యండి," అని చెప్పి టీకి వెళ్ళాడు.

బాబాయ్ ఊదాడు. గుచ్చాడు. తోమాడు. పన్నెండు పాటలు ఎక్కేసరికి అప్పలనాయుడు గారు మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"అన్నట్టు మాయమ్మ పాట ఉందండి అందల. అది కూడా పెట్టిలో పాడేలాగ సెయ్యండి. నలుగులో ఎట్టాల."

బాబాయ్ చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

అప్పలనాయుడు గారు ఆ చేతిని చూడలేదు. చెప్పుకుంటూ పోయాడు. ఊళ్ళో ఏ ఆడపిల్లకి నలుగు పెట్టినా పాట వాళ్ళమ్మదేనట. మనవరాలికీ తానే పాడతానని ఆవిడ ఎప్పటినుంచో మాటిచ్చిందట. పోయిన ఎండల్లో పోయింది. పోకముందు మనవరాలు ఆ పాటని ఫోనులో రికార్డు చేసింది. తర్వాత ఆ ఫోను నూతిలో పడింది. ఇక మిగిలింది ఈ పెన్‌డ్రైవులో ఉన్నదే.

"బోజనాల్లో ఏటి తగ్గినా పరవానేదు నాన్నా, నలుక్కి మాత్రం నానమ్మే పాడాల అంతంది పిల్ల," అన్నాడు.

నవ్వు ఆపుకోవడం నాకు పుట్టుకతో రాదు. ఆ రోజు వచ్చింది.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "మీ పెన్‌డ్రైవు మంచిది కాదండి. లోపల దెబ్బ తింది. సూద్దారి."

"దెబ్బ తిందా? అమ్మ పాట ఉంతాదా బాబూ?"

"ఉంతాదండి. ఎక్కడికెల్తాది."

ఆయన బస్సెక్కాక నేను మెల్లగా అడిగాను. "దెబ్బ తిందా బాబాయ్, కొట్టేవా?"

"నోర్మూసి సట్టరు దించు," అన్నాడు.

ఫార్మాట్ చేసినంత మాత్రాన లోపలివి వెంటనే చచ్చిపోవు. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టే. పేజీలు ఉంటాయి, ఏ పేజీలో ఏముందో తెలీదు. కొత్తది రాస్తే మాత్రం దాని కిందున్న పాతది నిజంగా పోతుంది. బాబాయ్ అప్పటికే పన్నెండు పాటలు రాశాడు. ముసలమ్మ వాటి కింద పడిందో, తప్పుకుందో భగవంతుడికే తెలియాలి.

పోయిన ఫైళ్ళని వెతికి తీసే సాఫ్ట్‌వేరు ఒకటి పెట్టి చూస్తే ఆరొందల పైచిలుకు బయటపడ్డాయి. ఆ పిల్ల తన ఫోను పాటలన్నీ అందులోనే దాచుకుంది మరి. అన్నీ ఒకే రకం, ఒక్కదానికీ పేరు లేదు, వట్టి నంబర్లు. బాబాయ్ వరసగా నొక్కుతూ, నాలుగు సెకన్లు లెక్కపెడుతూ, సాయంత్రం లోపల అన్నీ చూసేశాడు. సినిమా పాటలున్నాయి, భక్తి పాటలున్నాయి, ఒక కమెడియన్ తిట్లున్నాయి. చప్పుడే రానివి ఎనభై దాకా వస్తే, చచ్చిన ఫైళ్ళని ఒక పక్కకి నెట్టాడు. ముసలమ్మ లేదు.

ఎక్కించిన పన్నెండు పాటల పేర్లనే చూస్తూ కూర్చున్నాడు.

"పోనీ బాబాయ్, వేరే ముసలమ్మ ఎవరిచేతైనా పాడించి పెట్టేద్దాం. నా బాక్సుల్లో అందరి గొంతూ ఒకేలా ఉంటుంది."

తెలుగు పేరున్న ఫైలుని పెట్టి ఎలా చూస్తుందో, నన్ను అలా చూశాడు. "ఆ పిల్లకి తెల్దేట్రా?" అన్నాడు.

మర్నాటి నుంచి పాటల్ని పూర్తిగా వినడం మొదలుపెట్టాం. ఆయన సగం, నా ల్యాప్‌టాప్‌లో నేను సగం. పక్కకి నెట్టిన చచ్చిన ఫైళ్ళన్నీ నా సగంలోనే. కొట్టుకొచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపించేశాడు. రెండు రోజులు ఆ మనిషి పాటలు విన్నాడు, మొదటి నుంచి చివరి దాకా, పరీక్ష రాస్తున్నట్టు ముందుకి వంగి. మొదటి రోజు మధ్యాహ్నం హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి నన్ను అడిగాడు:

"ఒరే, ఈ పాటకి రెండో సరణం ఉంతాదేట్రా?"

"అన్ని పాటలకీ ఉంటుంది బాబాయ్."

"నాకెవులూ సెప్పనేదు," అన్నాడు, ఇరవై ఏళ్ళుగా ఊరంతా కలిసి తనని మోసం చేసినట్టు.

ఇంకో పాటకి ముక్కు చీదాడు. ఏమైందంటే దూది దుమ్ము అన్నాడు. చెవిలో పెట్టుకునే దూది ముక్కులోకి ఎలా వెళ్ళిందని నేను అడగలేదు. నాకూ కాస్త మర్యాద తెలుసు.

నా సగం సంగతి కూడా చెప్పాలి. నేను ఒక్క పాటా పూర్తిగా వినలేదు. నాలుగు సెకన్లు, టిక్కు. నాలుగు సెకన్లు, టిక్కు. గురువుగారి విద్యే. "నా దాంట్లో లేదు బాబాయ్," అని చెప్పి బిర్యానీకి వెళ్ళిపోయాను.

మర్నాడు తెల్లారితే నలుగు అనగా, మధ్యాహ్నానికి ఆయన సగం కూడా అయిపోయింది. లేదు.

"నీ సగం ఇటియ్యి."

"విన్నానని చెప్పాను కదా."

"ఇన్న మొకం కాదురా అది. నాను రెండ్రోజుల్నుంచీ ఇంతన్నాను, ఇన్న మొకం ఎలగుంతాదో నాకు తెలుసు. ఇటియ్యి."

నేరుగా చచ్చిన ఫైళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఒక్కొక్కటే నొక్కి ఖాళీ నిశ్శబ్దాన్ని వింటున్నాడు. పాట వినడానికే ఓపిక లేని మనిషి పాట లేకపోవడాన్ని కూర్చుని వినడం నేను అప్పుడే చూశాను. పదకొండోది నొక్కాడు. అయిదు, ఆరు, ఏడు సెకన్లు. చప్పుడు లేదు.

"వదిలెయ్ బాబాయ్, చచ్చిపోయిందది."

చెయ్యెత్తాడు. పన్నెండో సెకన్లో ఎక్కడో కోడి ఒకటి కొక్కొక్కో అంది. వెనకాలే ఒక ముసలి గొంతు: "ఏటే, ఒట్టుకున్నావేటి? పాడెయ్యొచ్చా?"

ఫొటో తీస్తున్నారనుకుని ఆవిడ పన్నెండు సెకన్లు ఫోను వైపు చూస్తూ కూర్చుందన్నమాట. ఆ తర్వాత ఏడు నిమిషాలు పాడింది. మధ్యలో ఒకసారి దగ్గింది, ఒకసారి కోడిని తిట్టింది. బాబాయ్ కదల్లేదు. పాట అయ్యాక దాన్ని ఎంపీత్రీ చేసి, పేరు ఇంగ్లీషులో పెట్టి, తోమిన పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు.

"మొదటి పన్నెండు సెకన్లూ కోసెయ్ బాబాయ్. ఖాళీగా ఉంటే జనం పెట్టి పాడైందనుకుంటారు."

"ఒగ్గీ. మళ్ళీ ముట్టుకుంటే ఏటవుతాదో," అన్నాడు. ప్రేమ కాదు, భయం. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

నలుగు రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని నా వ్యానులోనే వచ్చాడు. చెవుల్లో దూది. ఏ ప్రోగ్రాంకీ రాని మనిషి, బాక్సుల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, కోర్టులో ముద్దాయిలా కూర్చున్నాడు. పందిట్లో పెళ్ళికూతురిని పీట మీద కూర్చోబెట్టి ఆడవాళ్ళు పసుపు రాస్తున్నారు. అప్పలనాయుడు గారు నాకు సైగ చేశాడు. నేను మీట నొక్కాను.

ఏమీ లేదు. బీరువాలంత బాక్సులు, అన్నీ కలిసి ఏమీ లేదని చెప్పాయి. పందిట్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. పెళ్ళికూతురు తల తిప్పలేదు. పీట అంచు పట్టుకుని నేలనే చూస్తోంది.

"పెట్టి సచ్చిపోయిందేటి?" అని ఎవరో అన్నారు.

నాకు పన్నెండు సెకన్ల సంగతి తెలుసు. అయినా మాకవరపాలెం గుర్తొచ్చి చెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది. బాబాయ్ ఆ చేతిని పట్టుకున్నాడు. కుడి చెవిలో దూది తీసేశాడు. పెదాలు కదులుతున్నాయి. అయిదు, ఆరు, ఏడు. ఆయన నాలుగు దాటి లెక్కపెట్టగలడని నాకు అప్పుడే తెలిసింది.

కోడి అరిచింది. "ఏటే, ఒట్టుకున్నావేటి? పాడెయ్యొచ్చా?"

పసుపు రాస్తున్న చేతులు ఆగిపోయాయి. పందిట్లో ఉన్న ముసలమ్మలకి ఆ పాట వచ్చు. రెండో వరస నుంచి ఆవిడతో కలిసి పాడటం మొదలుపెట్టారు, శ్రుతి లేకుండా, ధైర్యంగా. కోడిని తిట్టిన దగ్గర అందరూ నవ్వారు. పెళ్ళికూతురు ఏడ్చిందో నవ్విందో చెప్పలేను, ముఖం నిండా పసుపు. కింద పీట మాత్రం తడిసింది. నలుగు కదా, నీళ్ళు పోసే ఉంటారు.

పాట అయ్యాక అప్పలనాయుడు గారు బాబాయ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాయమ్మని తెచ్చి కూకోబెట్టేరు బాబూ."

ఇప్పుడైనా చెబుతాడేమోనని చూశాను.

"మీ పెన్‌డ్రైవు మంచిది కాదండి. ఇంకొకలైతే వొగ్గీసును. నాను కాబట్టి తీసేను," అన్నాడు.

ఆయన మెడలో కండువా వేశారు. వ్యానులో అరటిగెల పెట్టారు. ఇల్లు తగలబెట్టి బకెట్టు తెచ్చినవాడికి సన్మానం చేయడం మా వైపు కొత్త కాదు గానీ, ఇంత దగ్గర నుంచి చూడటం నాకదే మొదలు.

తిరిగొచ్చేటప్పుడు గెల ఆయన ఒళ్ళోనే ఉంది.

"చెప్పెయ్యొచ్చు కదా బాబాయ్."

"ఏటి?"

"తోమింది నువ్వేనని."

నర్సీపట్నం వచ్చేసింది. దిగేముందు అన్నాడు: "నువ్వు ఇనకండా ఇన్నానన్నావు. నానెవులికైనా సెప్పేనా?"

ఒక పండు తుంచి నా చేతిలో పెట్టాడు. తిన్నాను. ఇంకేం చేస్తాను.

మర్నాడు కొట్టులో ఆ అట్టముక్క వెలిసింది. అప్పటినుంచి ఏ పెన్‌డ్రైవు గుచ్చినా, మీట నొక్కేముందు, బాత్‌రూం తలుపు కొట్టినట్టు, "లోపలెవులైనా ఉన్నారేటి?" అని అడిగేవాడు. జనం నవ్వేవాళ్ళు. కొంతమంది మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, పెన్‌డ్రైవు వెనక్కి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు. వ్యాపారం కొంచెం దెబ్బతింది.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో కూర్చుని, అలాగే పోయాడు. ఏ హడావిడీ లేదు. పదో రోజున పిన్ని నన్ను పక్కకి పిలిచింది.

"నాన్నా, ఈయన మాట ఎక్కడైనా ఉందేటి? ఊరందరికీ పాటలెట్టేడు గదా."

ఆయన కంప్యూటరంతా వెతికాను. వేలకొద్దీ పాటలు, అన్నిటికీ ఇంగ్లీషు పేర్లు, అన్నీ మూడొందలిరవై. ఆయన మాట ఒక్కటి లేదు. చివరికి నా ఫోనులో దొరికింది, ఎప్పుడో పంపిన వాయిస్ మెసేజ్. మొదట నాలుగు సెకన్లు దగ్గు. తర్వాత: "ఒరే, నీ పెన్‌డ్రైవు ఇక్కడే ఒగ్గీసి పోయేవు. బేగి రా. గిన్ని తోమి ఉంచేను." అంతే.

ఆ రకం ఫైలు పెట్టి చదవదు. ఎంపీత్రీ చేశాను. పిన్ని భజన పాటలు వినే చిన్న డబ్బాకి ఒక పెన్‌డ్రైవులో వేసిచ్చాను, నా పెన్‌డ్రైవులో కూడా మొదటి వరసలో పెట్టుకున్నాను. ఫైలుకి ఆయన అసలు పేరు, ఇంటిపేరుతో సహా, తెలుగులో పెట్టాను. ఉంటే చెంప పగలగొట్టేవాడు.

నిన్న రావికమతంలో ఒక పెళ్ళి. బాక్సులు కట్టి, పెన్‌డ్రైవు గుచ్చి, వైర్లు సరిచేసుకుంటున్నాను. తెర మీద మొదటి వరసలో ఖాళీ గళ్ళు వచ్చాయి. అదేదో కొత్త పాట అనుకుని పెళ్ళికొడుకు మేనమామ మీట నొక్కేశాడు. పందిరంతా దగ్గు.

"ఏటిది, పాడైపోయిందేటి?" అని ఆపబోయాడు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఆగండి," అన్నాను.